మాడు మీద మచ్చ: ఏ మందు, ఎవరికి?
పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు ఫార్మా కంపెనీల్లో పనిచేసే ఆడవాళ్లకు షిఫ్టంతా తలమీద క్యాప్ ఉంటుంది. మాడు మీద రూపాయి బిళ్లంత జుట్టు ఊడినా ఎవరి కంటా పడదు. పడ్డాక ఇంట్లో అందరూ పేనుకొరుకుడే అంటారు, ఉల్లిరసం రుద్దమంటారు. దయచేసి రుద్దకండి. అక్కడ దురద, మంట ఉన్నా, చర్మం నున్నగా మెరుస్తూ వెంట్రుకల రంధ్రాలు మూసుకుపోయినా అది లైకెన్ ప్లానోపైలారిస్, లూపస్ లాంటి జబ్బు కావచ్చు. పేనుకొరుకుడులో పోయిన జుట్టు చాలాసార్లు తిరిగొస్తుంది. ఈ జబ్బుల్లో చచ్చిన కుదురు మళ్లీ మొలవదు. ఏ మందైనా ఉన్న జుట్టును కాపాడడానికే.

చర్మవైద్యులు మచ్చ అంచున చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతామంటే వద్దనకండి. జబ్బేదో తేలకుండా మందు ఎంచుకోలేం.

మామూలుగా క్లోబెటసాల్ పూతతోనో, మాడులోకి ట్రయామ్సినొలోన్ ఇంజెక్షన్లతోనో మొదలుపెడతారు. అయినా పాకుతుంటే మాత్రలు. హైడ్రాక్సీక్లోరోక్విన్ నెమ్మదిగా పనిచేస్తుంది, నెలల తరబడి వాడాలి. కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు, మొదట్లోనే రెటీనా పరీక్ష చేయించుకోవాలి. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకు మాత్రల్లో నేను ముందు అడగమనేది దీని గురించే. మరో మాత్ర డాక్సీసైక్లిన్. అది వేసుకుంటే ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది. నైట్ షిఫ్ట్ దిగి మాత్ర మింగి వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడొచ్చు. నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంటైనా కూర్చోండి.

మెథోట్రెక్సేట్ బలమైన మందు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ వైద్యులు 2017లో ప్రచురించిన ఒక చిన్న ట్రయల్‌లో లైకెన్ ప్లానోపైలారిస్‌కు ఇది హైడ్రాక్సీక్లోరోక్విన్ కంటే మెరుగనిపించింది. కానీ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. వాడినన్నాళ్లూ రక్తపరీక్షలు తప్పవు, గర్భం అసలు రాకూడదు. నుదుటి దగ్గర జుట్టు అంచు వెనక్కి జరిగే రకం జబ్బుకు, ముట్లు ఆగినవాళ్లకైతే డ్యుటాస్టరైడ్ ఇస్తారు. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ గొట్టం మాత్రలను ముట్టుకోనివ్వకండి.

ఈఎస్ఐ కార్డున్నవాళ్లు ముందు డిస్పెన్సరీకి వెళ్లి, చర్మవైద్యులకు రెఫరల్ రాయించుకోండి. రామచంద్రాపురంలో, సనత్‌నగర్‌లో ఈఎస్ఐ ఆసుపత్రులున్నాయి. కార్డు లేనివాళ్లకు సంగారెడ్డి ప్రభుత్వాసుపత్రి దగ్గర. పెళ్లి, పిల్లల ఆలోచన, షిఫ్ట్ వేళలు, వాడుతున్న మందులు డాక్టరుకు మీరే చెప్పండి. క్యాప్ కింద జుట్టు బిగించి ముడేయకండి. నెలకోసారి అదే పాపిడి, అదే వెలుతురులో ఫోటో తీయించుకోండి. మచ్చ ఆగిందో పాకిందో డాక్టరు ఆ ఫోటోలు చూసి పోల్చగలరు.