లైవ్ సైట్ మీద ప్రయోగాలొద్దు: వర్డ్‌ప్రెస్ పనిని తేలిక చేసే 3 ఫ్రీ టూల్స్

మాది కామారెడ్డి జిల్లా డోంగ్లి. సోయా, పత్తి ధరలు పెట్టడానికి మా ఫ్రెండ్స్‌తో కలిసి ఒక వర్డ్‌ప్రెస్ సైట్ నడుపుతున్నా. ఒకరోజు రాత్రి లైవ్ సైట్‌లోనే థీమ్ కోడ్ మార్చాను. ఒక్క సెమీకోలన్ మర్చిపోయా. పొద్దున్నే మార్కెట్‌కి బయలుదేరిన రైతులకు ధరలకు బదులు తెల్ల పేజీ కనిపించింది. తప్పు నాదే. అప్పటి నుంచి ఇలా చేస్తున్నా.

1. డాకర్: సైట్ కాపీని ల్యాప్‌టాప్‌లోనే నడిపిస్తుంది. సర్వర్‌లో ఉన్న పీహెచ్‌పీ వెర్షనే ఇక్కడా పెట్టండి. లేదంటే ఇక్కడ పనిచేసిన కోడ్ అక్కడ ఆగిపోవచ్చు.

2. గిట్: 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన టూల్. థీమ్, సొంత ప్లగిన్ కోడ్ ఇందులో పెట్టండి. పాస్‌వర్డ్‌లున్న కాన్ఫిగ్ ఫైల్ మాత్రం వద్దు. కోడ్ చెడితే పాత కమిట్‌కి వెళ్లిపోవచ్చు.

3. డబ్ల్యూపీ-సీఎల్ఐ: ఒక్క కమాండ్‌తో డేటాబేస్ బ్యాకప్ తీస్తుంది. దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాక సైట్ అడ్రస్ మార్చాలి కదా, అది నోట్‌ప్యాడ్‌లో చేయకండి. వర్డ్‌ప్రెస్ కొన్ని సెట్టింగ్స్‌ని వాటి పొడవుతో సహా సేవ్ చేస్తుంది. అడ్రస్ మారితే ఆ లెక్క తప్పుతుంది, సెట్టింగ్స్ పోతాయి. ఇందులోని సెర్చ్-రీప్లేస్ ఆ లెక్కనూ సరిచేస్తుంది. ముందు డ్రై-రన్ పెట్టి చూడండి.

ఒక్క రూల్ గుర్తుంచుకోండి: కోడ్ ల్యాప్‌టాప్ నుంచి సర్వర్‌కి, డేటా సర్వర్ నుంచి ల్యాప్‌టాప్‌కి. తిప్పి చేస్తే ఈలోపు పెట్టిన కొత్త ధరలన్నీ పోతాయి.