పటాచార చూసిన నీళ్ళు

సుమారు 2500 ఏళ్ళ కిందటి మాట. శ్రావస్తి అనే పట్నం ఉండేది. అది ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లో ఉంది. ఆ ఊరి షావుకారు బిడ్డ పటాచార. ఆమె కథను బౌద్ధులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

పటాచార తమ ఇంట్లో పనిచేసే అతన్ని ఇష్టపడింది. అతనితో వెళ్ళిపోయింది. రెండో కాన్పుకు పుట్టింటికి బయలుదేరింది. దారిలో గాలివాన వచ్చింది. ఆ రాత్రే బిడ్డ పుట్టాడు. భర్త పాము కరిచి చనిపోయాడు. ఏరు దాటేటప్పుడు పసిగుడ్డును గద్ద తన్నుకుపోయింది. పెద్దవాడు నీళ్ళలో కొట్టుకుపోయాడు. పుట్టిల్లు కూడా ఆ వానకే కూలింది. అమ్మా, నాన్నా, తోడబుట్టినవాడూ పోయారు.

ఆమెకు మతి చెడింది. ఒంటిమీద బట్ట లేకుండా తిరిగింది. జనం తరిమికొట్టారు. బుద్ధుడు మాత్రం దగ్గరికి రానిచ్చాడు. తెలివి తెచ్చుకోమని మెల్లగా చెప్పాడు. ఆమె భిక్షుణి అయింది.

నీళ్ళు నేర్పిన పాఠం

ఒకనాడు పటాచార కాళ్ళు కడుక్కుంటోంది. పోసిన నీళ్ళు కొంచెం దూరం పారి ఇంకిపోయాయి. మళ్ళీ పోసింది. ఇంకొంచెం దూరం పోయాయి. మూడోసారి మరింత దూరం. అయినా అన్నీ ఇంకిపోయాయి. మనుషుల బతుకూ ఇంతే కదా అనుకుంది. కొందరు చిన్నప్పుడే పోతారు. కొందరు నడివయసులో, కొందరు ముసలితనంలో పోతారు.

ఆమె మనసు ఆ నీళ్ళమీద నిలిచింది. పోయినవాళ్ళు తిరిగి రాలేదు. కానీ దుఃఖం ఇక ఆమెను ఈడ్చుకుపోలేదు. తర్వాత బిడ్డలు పోయిన తల్లులెందరికో ఆమే గురువయింది.

ధ్యానం ఎందుకు?

ధ్యానం వరాల కోసం కాదు. మహిమల కోసం కాదు. ఉన్నది ఉన్నట్టు చూడటానికి. చాలామంది బౌద్ధులు ఊపిరిని గమనిస్తారు. గాలి లోపలికి వస్తుంది, బయటికి పోతుంది. ఇంతలో మనసు అప్పులమీదికో, గొడవలమీదికో పోతుంది. పోయిందని తెలుసుకోవాలి. మళ్ళీ ఊపిరి దగ్గరికి తేవాలి.

కోపం కూడా ఆ నీళ్ళలాంటిదే. వస్తుంది, పోతుంది. ఇది తెలిస్తే బిడ్డను కొట్టబోయే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

అన్నీ ఓర్చుకోమనా?

కాదు. కూలి తక్కువిస్తే అడగాలి. ఇంట్లో కొడితే నలుగురికీ చెప్పాలి. మనసు నిలకడగా ఉంటే ఆ మాట తడబడకుండా చెప్పగలం. దిగులు ఎన్నాళ్ళకూ తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవాలి.

చేసి చూడండి: పొయ్యి వెలిగించే ముందు పది ఊపిర్లు లెక్కపెట్టండి. మధ్యలో మనసు ఎటు పోయింది?

మాట్లాడుకోండి:
1. నీళ్ళను చూసి పటాచార ఏం తెలుసుకుంది?
2. ఓర్పుకూ, నోరు మూసుకోవడానికీ తేడా ఏమిటి?