సంకల్పము – దాని కొలది

సంగమునొద్ద పెన్నకు అడ్డముగా ఆనకట్టను నిర్మించినవారు నదిని నిలిపివేయవలెనని తలపలేదు. 1880 దశకమున అచ్చట జరిగిన పని యొక్కటే: నీటిమట్టమును కాలువ తూము అందుకొనునంత ఎత్తునకు లేపుట. అంతకు మించిన వరద ఆనకట్ట మీదుగా పొర్లి సముద్రమునకు పోవుచుండెను. పోవు నీటిని చూచి వగచినవారును ఉండవచ్చును. కాని పెన్న వరదను సాంతము ఆపబూనిన కట్ట ఎంతకాలము నిలుచును? ఆ పాత ఆనకట్టకు మారుగా కట్టిన బ్యారేజి 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైనది. దానికి తలుపులు కలవు, నీటిని కొంత నిలువ చేయును. అయినను ఎంత విడువవలెనను లెక్క కాలువ కొలదిని బట్టియే జరుగును.

మనుష్యుడు తన జీవితమునకు చేసికొను సంకల్పమునకును ఇట్టి కొలది యవసరము. కోరిక వేరు, సంకల్పము వేరు. పూజారంభమున సంకల్పము చెప్పునపుడు దేశమును, కాలమును, కర్తను పేర్కొనిన పిదపనే చేయబోవు పనిని చెప్పుదురు. ఎచ్చట నున్నాము, ఎప్పుడు చేయుదుము, చేయువాడెవడు అనునవి తేలిన తరువాతనే పని నిర్ణయము. లోకవ్యవహారమున ఈ క్రమము తలక్రిందగుచున్నది. ఫలమును ముందు చెప్పి, కాలమును పిదప వెదకి, కర్త యొక్క శక్తిని కట్టకడపట విచారించువారే అధికము. పిల్లవాడు వైద్యుడు కావలెనని తండ్రి నిశ్చయించును. పిల్లవానికి ఏ శాస్త్రమందు అభిరుచి కలదో పదవ తరగతి ఫలితములు వచ్చువరకు అడుగడు.

కొలది నెరిగిన సంకల్పమునకు నెల్లూరు జిల్లాలోనే గొప్ప నిదర్శనము కలదు. 1991లో జిల్లాయందు అక్షరదీపమను వయోజన విద్యా ఉద్యమము సాగెను. పగలంతయు కూలిపని చేసిన స్త్రీలు రాత్రి వేళ పలక పట్టిరి. వారు చదివిన పాఠములలో సారా వలన చెడిన సంసారపు కథయు ఉండెను. కలిగిరి ప్రాంతమందలి దూబగుంట స్త్రీలు, రోసమ్మ మొదలగువారు, ఆ పాఠమును తమ యిండ్లతో పోల్చి చూచుకొనిరి. రాష్ట్రమందెల్ల మద్యమును రూపుమాపుదుమని వారు మొదట ప్రకటింపలేదు. తమ ఊరిలోని సారా దుకాణము మూతపడవలె ననిరి. అది కంటికి కనబడు లక్ష్యము, కాలినడకను పోగల దూరము. మూసినదో లేదో ప్రతి సాయంకాలము చూడవచ్చును. ఒక ఊరిని చూచి మరియొక ఊరు కదలెను. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము మాత్రము 1997లో సడలిపోయెను. లక్ష్యము విస్తరించిన కొలది దానిని కాచువారును పెరుగవలెను గదా! ఊరి దుకాణమును కాచుటకు పదిమంది స్త్రీలు చాలిరి. రాష్ట్రపు ఎల్లలను కాచుటకు చాలునా?

ఆ ఉద్యమమునకు తరువాయిగా వచ్చిన పొదుపులక్ష్మి పద్ధతి ఇంకను గమనింపదగినది. దినమునకు ఒక్క రూపాయి దాచుట నియమము. పదునైదుగురు గల సంఘమైనచో నెలకు 450 రూపాయలు, సంవత్సరమునకు 5,475 రూపాయలు చేరును. ఇంత స్వల్పమేల యని నవ్వినవారు లేకపోలేదు. నియమము అయిదు రూపాయలైనచో మొట్టమొదట తప్పుకొనునది అందరికంటె పేదరాలు. ఎవరికొరకు సంఘమో వారే బయట మిగులుదురు. రూపాయియైనచో ఒకనాడు కూలి దొరకకున్నను మరునాడు రెండు చెల్లించి సరిచేసికొనవచ్చును. తప్పిన దినమును పూడ్చుకొనుటకు వీలులేని నియమము మొదటి తప్పుతోనే అంతరించును. ఉపవాసములు, పారాయణములు, తెల్లవారుజామున లేచి నడచు వ్రతములు మూడవ వారమున ఆగిపోవుటకు సాధారణముగా ఇదియే హేతువు.

ఇంతవరకు ఒక్క లక్ష్యమును గూర్చిన మాట. గృహస్థునికి లక్ష్యము ఒక్కటి కాదు. సంపాదన, ఆరోగ్యము, పిల్లల చదువు, వృద్ధులైన తల్లిదండ్రుల సేవ, ఇష్టలింగ పూజ, ఊరి కార్యములు అన్నియు ఒకే కాలువ క్రింది మడులు. ఎగువ రైతు తన తూమును విశాలముగా తెరచినచో దిగువ ఆయకట్టు ఎండుననుట సంగము ప్రాంతమున ఎవరికిని బోధింపనక్కరలేదు. జీవితమున ఎగువ తూము మిక్కిలి తరచుగా సంపాదనదే. ఒక రైతు నాలుగెకరములు తాను సాగుచేయుచు మరి ఆరెకరములు కౌలునకు తీసికొనెననుకొందము. ధాన్యపు లెక్క కాగితముపై బాగుగనే యుండును. ఆ కాగితముపై వ్రాయబడనివి కొన్ని కలవు: రాత్రి నీటి వంతులకు పోవుటచే చెడిన నిద్ర, వాయిదాపడిన తల్లి కంటి శస్త్రచికిత్స, లెక్కలలో వెనుకబడిన కుమార్తె. ఇవియు కౌలులో భాగములే. ఏ లక్ష్యమునకు ఆ లక్ష్యము విడిగా చూచినచో సాధ్యముగనే తోచును. అన్నిటిని ఒకచోట కూడి చూచినపుడే దినమునకు ఇరువది నాలుగు గంటలే యున్నట్లు తెలియును.

కల్యాణమందలి శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతము ఇచ్చట స్మరింపదగినది. ఏరిన బియ్యమను అర్థముగల కన్నడపదమే వారికి పేరైనది. నేలరాలిన గింజలను ఏరి తెచ్చి వండి జంగమదాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడతడు నిత్యము తెచ్చుదానికంటె అధికముగా బియ్యము తెచ్చెననియు, లక్కమ్మ అంగీకరింపక మిగులును వెనుకకు పంపెననియు శరణచరిత్రలు చెప్పుచున్నవి. లోభమును గూర్చిన కథగనే దీనిని సాధారణముగా చెప్పుదురు. లక్కమ్మ మాటలో గృహిణి లెక్కయు కలదు. ఆమెకు ఆనాటి దాసోహమునకు ఎంత కావలెనో తెలియును. ఎంత చాలునో తెలిసినది గనుకనే అధికమును గుర్తింపగలిగెను. మారయ్య అనుభవ గోష్ఠిలో మునిగి కాయకమును మరచిన దినమున అతనిని పనికి మరల్చినదియు ఆమెయే. తక్కువైనపుడు హెచ్చరించుటకును, ఎక్కువైనపుడు ఆపుటకును ఇంటిలో ఒకరుండుట గొప్ప సహాయము. అందుచేత సంకల్పములను రహస్యముగా ఉంచుకొనుటకంటె భార్యాభర్తలు కలసి నిర్ణయించుకొనుట మేలు.

అభ్యాసము: పాఠకులు ఒక వారము దినములు తమ కాలము దేనికెంత వ్యయమగుచున్నదో సాయంకాలమున వ్రాసి యుంచవలెను, ఆ వారమున క్రొత్త నియమమేదియు పెట్టుకొనరాదు. ఎనిమిదవనాడు ఇంటివారితో కూర్చుండి, ఎండుచున్న మడి ఏదో చూడవలెను. దానికి మాత్రమే, దినమునకు అరగంట మించని పనియొకటి నిర్ణయించి, ఏ పనిలోనుండి ఆ అరగంటను తీయుదురో కూడ దాని ప్రక్కనే వ్రాయవలెను. కాలువలకు నీరు కట్టివేసిన దినములలో పూడిక తీయుదురు గదా. సంకల్పముల పట్టికను తిరిగి చూచుటకును ఏటేట అట్టి తీరిక దినములనే ఎంచుకొనుట సులభము.