పెద్దాయన నోరు విప్పేదెక్కడ?

ప్రశ్న: పిల్లలు కావాలనుకున్నా కలగని, అరవై దాటిన మగవాళ్లపై పీహెచ్‌డీ చేస్తున్నాను. కరపత్రాలు పంచినా ఒక్కరూ ముందుకు రావడం లేదు. ఏం చేయాలి?
– పరిశోధక విద్యార్థిని, వరంగల్

జవాబు: రారమ్మా. ‘సంతానం లేని పురుషులు కావలెను’ అంటే, నలుగురూ చూస్తుండగా ఆ కాగితం ఎవరందుకుంటారు? ‘60 దాటిన మగవారి కుటుంబ జీవితం’ అని పైన పెట్టి, అసలు సంగతి కిందే స్పష్టంగా రాయండి. దాచి పిలవడం మాత్రం తప్పు.

సంతాన సాఫల్య కేంద్రాల చుట్టూ తిరక్కండి. అక్కడికొచ్చేది ఇంకా ఆశ ఉన్న జంటలు. పెన్షనర్ల సంఘాలు, పొద్దున్నే పార్కులో నడిచే బృందాలు మేలు. పెళ్లే కానివాళ్లనూ వదలొద్దు. ఒకాయన మాట్లాడాక ఇంకొకరి నంబరు అడక్కుండా మీ నంబరే ఇచ్చి రండి. ఇంటర్వ్యూ ఇంట్లో పెట్టుకోకండి. ఆస్తి మీద కన్నున్న తమ్ముడి కొడుకు కాఫీ తెచ్చి పక్కనే కూర్చున్నాడంటే ఇక ఆయన పెదవి విప్పడు.

సంఖ్య గురించి బెంగ వద్దు. బ్రిటన్‌లో రాబిన్ హాడ్లీ ఇదే అంశంపై కీల్ విశ్వవిద్యాలయంలో చేసిన పీహెచ్‌డీకి మాట్లాడింది 14 మందితోనే. వాళ్ల వయసు 49 నుంచి 82. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మగవాళ్లను 54 ఏళ్ల దాకానే పలకరిస్తుంది. మీకు దొరికే ప్రతి పెద్దాయనా ఆ లెక్కకు అందనివాడే.