వాళ్ళ నాన్నను పిలిపించకు

చిరంజీవి బుజ్జికి, మేనత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. మిగతావన్నీ తర్వాత. ఆ తొమ్మిదో తరగతి పిల్లాడి నాన్నను బడికి పిలిపించకు. మీ హెడ్మాస్టరుగారు చెప్పినా సరే, ఏదో వంకతో ఆపు. పిలిపించి ఏమని చెబుతావు? "మీవాడి నడక, మాట తేడాగా ఉన్నాయి, పిల్లలు ఆడంగి అంటున్నారు" అనా? ఆ మాట ఇల్లు చేరాక ఏం జరుగుతుందో నీకూ తెలుసు. ముందు బెల్టు, తర్వాత తాయెత్తు, ఆ తర్వాత ఏ మేనమామ ఊళ్ళోనో మెకానిక్ షెడ్డు. వాడి చదువు అక్కడితో సరి. ఏడిపించినవాళ్ళు మాత్రం హాయిగా పదో తరగతికి వెళతారు.

వాడు ఎవరో తేల్చడం నీ పని కాదు. గేనో, ట్రాన్స్‌జెండరో, ఈ రెండూ కాక ఉత్త మెతక మనిషో, ఆ వయసులో వాడికే తెలియకపోవచ్చు. తెలిసినా నీకు చెప్పి తీరాలని లేదు. స్టాఫ్‌రూంలో టీ తాగుతూ దీని మీద పందేలు కాసేవాళ్ళుంటారు, ఆ కబుర్లలో కూర్చోకు. ఏడిపింపు ఆపడానికి వాడి గురించి నీకు ఏమీ తెలియాల్సిన పనిలేదు.

అలాగని క్లాసులో అరగంట ఉపన్యాసం ఇవ్వకు. నువ్వు నోరు తెరవగానే నలభై తలలు వాడివైపు తిరుగుతాయి. ఆ మాట ఎవడు మొదలుపెడుతున్నాడో చూసి, బయటికి పిలిచి, ఒక్కసారి గట్టిగా చెప్పు. కులం పేరుతో తిడితే ఊరుకుంటావా? ఇదీ అంతే. మీ పి.ఇ.టి. సారు నవ్వుతున్నారని రాశావు. అసలు గొడవ అక్కడుంది. పెద్దాయన నవ్వితే పిల్లలకు లైసెన్సు ఇచ్చినట్టే. ఆయనతో విడిగా మాట్లాడు, నలుగురిలో అంటే మొండికేస్తారు. వినకపోతే ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం, 2019 ప్రింటు తీసి 13వ సెక్షన్ చూపించు. ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న ప్రతి విద్యాసంస్థా వాళ్ళకు వివక్ష లేకుండా చదువు చెప్పాలని, ఆటల్లోనూ చోటివ్వాలని అందులో ఉంది. ఆ చట్టం ఈ పిల్లాడికి వర్తిస్తుందో లేదో మనకు తెలియదు, నిజమే. కానీ మన శాఖలో నీతి కన్నా కాగితానికే విలువెక్కువ.

ఇంటర్వెల్లో వాడు గది కదలడని రాశావు చూడు, నీ ఉత్తరంలో ముఖ్యమైన వాక్యం అదే. మరుగుదొడ్డి దగ్గరే వాణ్ణి పట్టుకుంటున్నారన్నమాట. అందుకని నీళ్ళు తాగడం కూడా మానేసి ఉంటాడు. పీరియడ్ మధ్యలో వెళ్తానంటే కారణం అడక్కుండా పంపు, మిగతా టీచర్లకూ చెప్పు. ఎవరికీ తెలియకుండా స్టాఫ్ బాత్రూం తాళం ఇవ్వగలిగితే ఇంకా మంచిది. 2021లో సుష్మ అనే ఆమె వేసిన కేసులో మద్రాసు హైకోర్టు జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ బడుల్లో అందరూ వాడుకునే మరుగుదొడ్ల మాట కూడా ఎత్తారు. మన బళ్ళలో ఉన్నవాటికి నీళ్ళొస్తే అదే పదివేలు.

ఆడపిల్లలను మర్చిపోకు. మగపిల్లాడి నడకను ఊరంతా చూస్తుంది. ఆడపిల్ల సంగతి ఎప్పుడో నోట్‌బుక్కులో చీటీ దొరికినప్పుడు గానీ బయటపడదు. ఇద్దరమ్మాయిల మధ్య ప్రేమలేఖ దొరికితే దాన్ని స్టాఫ్‌రూంలో చదివి వినిపించడం, సాయంత్రానికి ఇంటికి కబురు పంపడం, వేసవి సెలవుల్లో పెళ్ళి. ఇదీ మామూలు వరస. నీకు దొరికితే మడిచి ఆ పిల్లకే ఇచ్చెయ్. అబ్బాయికి రాసిన చీటీ అయితే ఎంత మందలిస్తావో అంతే మందలించు, అంతకు మించి అక్కర్లేదు. ఇదేదో నేరమని ఎవరైనా అంటే, పరస్పర ఇష్టంతో పెద్దవాళ్ళ మధ్య ఉండే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తేల్చేసిందని చెప్పు.

ఏదో ఒక రోజు ఒక పిల్లో పిల్లాడో నీ దగ్గరికే వచ్చి చెప్పుకోవచ్చు. మధ్యలో ఆపకు. "వయసు ప్రభావం, అదే పోతుందిలే" అనకు. "ఎవరికీ చెప్పను" అని ఒట్టు మాత్రం వెయ్యకు. ఎవరైనా లైంగికంగా వేధిస్తున్నారని చెబితే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం నువ్వు ఫిర్యాదు చేసి తీరాలి. చచ్చిపోవాలనిపిస్తోందంటే ఒంటరిగా వదలకు, అక్కడే కూర్చుని టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యి, నమ్మదగిన పెద్దవాళ్ళను తోడు తీసుకో. ఈ రెండూ కానిది ఏదైనా నీ కడుపులోనే ఉండాలి, మీ నాన్నకు కూడా చెప్పకు. మా తమ్ముడి నోరు నాకు తెలుసు. డాక్టరు దగ్గర మార్పించాలని తల్లిదండ్రులు బయల్దేరితే, స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసిందని చెప్పు. మారుస్తానని వైద్యం చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది.

"ఇవన్నీ ఈ మధ్య వచ్చిన పోకడలు" అని మీ తెలుగు పండితుడుగారు అన్నారట. విరాటపర్వం పాఠం చెప్పే మనిషికి బృహన్నల గుర్తురాలేదా? పురాణం వద్దంటే చరిత్ర చూడమను. నిజాం రాజ్యంలో 1329 ఫసలీ చట్టం కింద హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించేవారు. ఆడవేషంలో వీధిలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకునే వీలుండేది. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జులైలో! మనుషులు కొత్తగా రాలేదు, రిజిస్టరు పోయింది, అంతే. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్లు డాక్టర్లుగా చేరారు. వాళ్ళూ ఇలాంటి బెంచీల మీద కూర్చుని చదివినవాళ్ళే.

పై నుంచి పుస్తకమో శిక్షణో వస్తుందని ఎదురుచూడకు. 2021లో ఎన్‌సీఈఆర్‌టీ ఇలాంటి పిల్లల గురించి టీచర్ల కోసం ఒక కరదీపిక తెచ్చింది. అభ్యంతరాలు రాగానే కొద్ది రోజులకే వెబ్‌సైటు నుంచి తీసేసింది. నీ చేతిలో ఉన్నది జీవశాస్త్రం పుస్తకం. ఎనిమిదో తరగతి కౌమారదశ పాఠాన్ని "ఇంటి దగ్గర చదువుకోండి" అని దాటేయడం మన బళ్ళలో ఆనవాయితీ. నువ్వు దాటేయకు. ఆడా మగా అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పు, అడిగినవాటికి జవాబివ్వు, సిగ్గుపడేవాళ్ళ కోసం చీటీల డబ్బా పెట్టు. ఈ నెలలోనే మొదలుపెట్టు. పరీక్షలు దగ్గరపడ్డాక సిలబస్ పేరు చెప్పి ఆ పీరియడ్లు లెక్కల సారు పట్టుకుపోతారు.

ఇట్లు,
మీ అత్త