పోలీసు శాఖలో స్త్రీలు: ప్రవేశం, పురోగతి

పోలీసు ఉద్యోగం పురుషులకే తగినదన్న భావం మన సమాజంలో చిరకాలంగా నెలకొని ఉన్నది. 1972లో కిరణ్ బేడీ ఐ.పి.యస్.లో చేరిన ప్రథమ మహిళ అయినారు. 1973 అక్టోబరు 27న కోజికోడులో దేశంలోనే తొలి మహిళా పోలీసు స్టేషనును నాటి ప్రధాని ఇందిరాగాంధీ ప్రారంభించారు.

స్త్రీలకు ఈ ఉద్యోగమివ్వడం ఉదారత కాదు, న్యాయపాలనకు అవసరం. అత్యాచారానికి గురైన స్త్రీ ఫిర్యాదును మహిళా అధికారియే నమోదు చేయవలెనని 2013 నాటి చట్టసవరణ శాసించింది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడ ఈ నియమాన్ని నిలిపింది. స్టేషనులో మహిళయే లేనిచో ఈ నియమం కాగితానికే పరిమితమవుతుంది.

కావుననే ప్రతి స్టేషనులోను కనీసం 3 మహిళా సబ్ ఇన్‌స్పెక్టర్లు, 10 మహిళా కానిస్టేబుళ్లు ఉండవలెనని, మొత్తం బలగంలో స్త్రీలు 33 శాతం కావలెనని కేంద్ర హోం శాఖ 2013లో రాష్ట్రాలకు సూచించింది. రేయింబవళ్లు ఒకరైనా అందుబాటులో ఉండుటకు ఆ సంఖ్య అవసరం. అయినను 2022 జనవరి నాటికి దేశమంతటా వారు నూటికి 12 మందికి మించలేదు.

నియామకం తొలిమెట్టు మాత్రమే. మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకొనే గది, పసిబిడ్డ సంరక్షణ, నిర్ణీతమైన పనివేళలు లేనిచోట చేరినవారు నిలువలేరు. రాతపనికి, బందోబస్తుకే వారిని పరిమితం చేస్తే నేరపరిశోధనలో అనుభవం కలుగదు. అనుభవం లేదని పిమ్మట పదోన్నతి నిరాకరించడం మరింత అన్యాయం.

విద్యార్థినులారా! స్టేషను గడప తొక్కుటకు జంకే ఒక తల్లి, లోపల చదువుకున్న స్త్రీని చూచినప్పుడు ధైర్యంగా నోరు విప్పగలదు. తెలుగు, ఉర్దూ రెండును ఎరిగిన మీరు ఆమె మాటను ఆమె భాషలోనే వినగలరు.