రెక్కకొనల దీపములు

వేసవి రాత్రులందు దేవరకొండ, అచ్చంపేట ప్రాంతముల గ్రామములలో డాబాలమీద మంచములు వేసికొని పరుండు పిల్లలకు ఆకాశమున కదలు చుక్కలు కొత్త కావు. చుక్క దగ్గఱకు వచ్చుకొలదియు దానికి ఒక ప్రక్క ఎఱుపును, మఱొక ప్రక్క ఆకుపచ్చయు కన్పట్టును. నడుమ నడుమ తెల్లని మెఱుపు తళుక్కుమనును. 2008లో శంషాబాదున కొత్త విమానాశ్రయము తెఱచిన పిమ్మట ఈ దృశ్యము మఱింత సామాన్యమైనది. పెండ్లిపందిరికి కట్టెడి దీపములవలె ఇవి అందమునకై అమర్చినవని తలచుట పొరపాటు. ఏ రంగు ఏ వైపున నుండవలెనో, ఎంత మేర కనబడవలెనో, మెఱపుదీపము నిమిషమునకు ఎన్ని మాఱులు మెఱయవలెనో, అన్నింటికిని నిబంధనలు కలవు.

విమానమున కూర్చున్న పైలటునకు ఎడమ రెక్కకొనను ఎఱ్ఱదీపము, కుడి రెక్కకొనను పచ్చదీపము, వెనుక తెల్లదీపము ఉండును. ఈ పద్ధతి ఓడలనుండి వచ్చినది. విమానపు ముక్కు తిరిగియున్న దిక్కునుండి లెక్కించినచో ఎఱ్ఱదీపము ఎడమకు 110 డిగ్రీల వఱకును, పచ్చదీపము కుడికి 110 డిగ్రీల వఱకును వెలుగు చిమ్మును. మిగిలిన 140 డిగ్రీలు తెల్లదీపమునకు వదలబడినవి. మూడును కూడినచో 360. అనగా చుట్టును ఏ దిక్కుననుండి చూచినను ఏదో యొక దీపము కనబడక మానదు.

రాత్రివేళ ఆకారము కనబడదు కావున రంగులే భాష. తెలుపు మాత్రము కనబడెనా, ఆ విమానము దూరముగ పోవుచున్నది. ఎఱుపు, పచ్చ రెండును కనబడెనా, అది ఎదురుగా వచ్చుచున్నది. అపుడు ఇద్దఱును కుడివైపునకు తప్పుకొనవలెను. దారులు ఒకదానినొకటి అడ్డముగ దాటునపుడు, కుడివైపున నున్న విమానమునకు దారి ఇచ్చుట నియమము. కుడినుండి వచ్చు విమానము మనకు తన ఎడమ ప్రక్కను చూపును. ఆ ప్రక్క దీపము ఎఱుపు. అదే క్షణమున ఆ పైలటునకు మన కుడిప్రక్కయందలి పచ్చదీపము కనబడును. కనుక ఎఱుపు చూచినవాడు తొలగును, పచ్చ చూచినవాడు సాగును. రైలుపట్టాల వద్ద నేర్చిన పాఠమే ఇచటను పనికివచ్చుట ముచ్చటగ నుండును.

1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరపు ఆనకట్టకు సమీపమున ఒక చిన్న విమానతలము కలదు. సెస్నా 152 వంటి రెండాసనముల విమానములపై అచట యువతీయువకులు శిక్షణ పొందినారు. అట్టి చిన్న విమానములు రెండు గంటకు 180 కిలోమీటర్ల వేగమున ఎదురెదురుగ వచ్చుచున్నవనుకొందము. వాని నడిమి దూరము గంటకు 360 కిలోమీటర్ల చొప్పున, అనగా సెకనుకు 100 మీటర్ల చొప్పున తఱుగును. మూడు కిలోమీటర్ల దూరమున దీపము కనబడినచో చేతిలో మిగిలినది 30 సెకనులు. మఱియు ఒక చిక్కు: ఢీకొనబోవు విమానపు దీపము అద్దములో అటునిటు కదలదు, ఒకే చోట నిలిచి క్రమముగ పెద్దదగును. కదలని దీపమును కన్ను సులభముగ నక్షత్రమని భ్రమించును. అందుకే నిమిషమునకు 40 నుండి 100 మాఱుల వఱకు మెఱసెడి దీపమును కూడ పెట్టుదురు.

కర్మాగారమున తయారగు విమానమునకు ఈ దీపములను ఇంజనీర్లు నిర్ణయింతురు. తన విమానమును తానే కట్టుకొనువానికి ఆ భారము తనదే. అమెరికా దేశపు బర్ట్ రూటాన్ రూపొందించిన లాంగ్-ఈజీ అనునది ఇట్లు ఇంటివద్ద కట్టుకొనుటకు ఉద్దేశింపబడిన విమానము. 1965 నుండి 1984 వఱకు ఎస్. ఆర్. వల్లూరి అధిపతిగ నుండిన బెంగుళూరు జాతీయ వైమానిక ప్రయోగశాలలో 1980ల దశకమున ఆ నమూనాను అనుసరించి ఒక తేలిక విమానమును నిర్మించిరి. అచటనే నిర్మితమైన హంస 1993 నవంబరు 17న మొదటిసారి ఎగిరెను.

లాంగ్-ఈజీకి తోక లేదు. ఇంజనును, దానిని నడపు పంకాయు వెనుకనే యుండును. మఱి తోకదీపమును ఎచట పెట్టుట? నిబంధనలో దానికి తెఱపి కలదు: తోకపై వీలుకానిచో రెండు రెక్కకొనలందును వెనుకకు చూచునట్లు తెల్లదీపములు పెట్టవచ్చును. ఈ విమానపు దేహము లోహము కాదు. నురుగు దిమ్మలపై గాజునార పొరలు అతికించినది. లోహవిమానమున దీపమునకు ఒక తీగ చాలును, విద్యుత్తు దేహముగుండ తిరిగి వచ్చును. గాజునార రెక్కలో తిరుగు తీగను కూడ లాగవలెను. రెక్క మూయకముందే ఈ మాట తట్టనివాడు పిదప రెక్కను కోయవలసి వచ్చును.

ఇక ఖర్చు. ధనపు ఖర్చుకంటె విద్యుత్తు ఖర్చు ముఖ్యము. ఇంటి విమానములలో తఱచుగ వాడు రొటాక్స్ 912 ఇంజనుతో వచ్చు జనరేటరు ఇచ్చునది సుమారు 250 వాట్లు. పాతరకపు తీగబల్బు ఒక్కొక్కటి 25 వాట్లు పుచ్చుకొనును, మూడింటికి 75. దిగునపుడు నేలను చూపు దీపమునకు 100. రేడియోకు, తక్కిన పరికరములకు మిగులునది కొంచెమే. పైగా తీగబల్బు తెల్లని వెలుగునిచ్చును; రంగుగాజు అందు అధికభాగమును మ్రింగివైచును. ఎల్.ఇ.డి. దీపము పుట్టుకతోనే రంగు వెలుగునిచ్చును గావున కొద్ది విద్యుత్తుతోనే పని నెఱవేర్చును. ఈ లెక్క చూచినవా రెవరైనను దానినే కోరుదురు.

అయినను చౌకగ దొరకినదెల్ల కొనరాదు. కొన్ని ఎల్.ఇ.డి. దీపముల లోపలి విద్యుత్ పరికరము రేడియోలో గరగర శబ్దము పుట్టించును. గాజునార విమానమున రేడియో తీగను దేహములోపలనే అమర్చుట కలదు. లోహపు గోడ అడ్డము లేదు కావున ఆ రొద మఱింత బాధించును. దీపము వెలిగించి, ఆర్పి, రేడియో విని చూచుటయే పరీక్ష. మఱియు ఎల్.ఇ.డి.కి వేడి పడదు. 45 డిగ్రీలు దాటెడి నల్లగొండ ఎండలో నిలిచిన విమానమునకు వేడిని లాగివేయు లోహపు పీఠము గల దీపమే తగినది.

దీపము ఎంతటి దైనను మేఘములో నిస్సహాయమే. తెల్లని మెఱుపు మబ్బుపై పడి తిరిగి పైలటు కన్నులలోనే కొట్టును. అట్టి తఱి దానిని ఆర్పుటకు అనుమతి కలదు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీదుగ మబ్బులలో రెండు పెద్ద విమానములు ఢీకొని 349 మంది మరణించిరి. దాని తరువాతనే మన దేశమున పెద్ద విమానములకు ఒకదాని రాకను మఱొకదానికి తెలుపు హెచ్చరిక యంత్రములను నిర్బంధము చేసిరి.

దీపములు బిగించిన రాత్రి నిర్మాత విమానమును చీకటిలో నిలిపి, దూరముగ దానిచుట్టు నడచి చూడవలెను. సరిగ ముక్కుకు ఎదురుగ నిలిచినచో ఎఱుపు తన కుడిచేతి వైపునను, పచ్చ ఎడమచేతి వైపునను కనబడవలెను. కుడికి నాలుగడుగులు వేయగనే పచ్చ మాయమై ఎఱుపు నిలువవలెను. రెక్కను దాటి కొంత వెనుకకు పోగా ఎఱుపు ఆఱిన చోటనే తెలుపు అందుకొనవలెను. నడుమ చీకటి సందు ఉండరాదు. ఆ సమయమున మఱొకడు పైలటు ఆసనమున కూర్చుండి, తెల్లని మెఱుపు తన కంటబడుచున్నదో లేదో చెప్పుచుండవలెను. చీకటికి అలవాటుపడుటకు కంటికి అరగంట పట్టును. ఒక్క మెఱుపు దానిని చెఱచును. అతడు "కంటబడుచున్నది" అన్నచో దీపమునకు అడ్డుఱేకు పెట్టి, మఱల మొదటినుండి చుట్టి రావలెను.